మహమ్మారి తరువాత ప్రభుత్వం చెప్పవలసిన లెక్క

అధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, సభకు నమస్కారం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న కోవిడ్‌ను అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర స్థితిగా ప్రకటించింది. 2023 మే 5న ఆ స్థితి ముగిసిందని చెప్పింది. ఈ రెండు తేదీల నడుమ దేశదేశాల ప్రభుత్వాలు మామూలు రోజుల్లో తలపెట్టడానికి కూడా సాహసించని అధికారాలను చేతిలోకి తీసుకున్నాయి. జనాన్ని ఇల్లు కదలవద్దన్నాయి, బడులు మూయించాయి, సరిహద్దులు మూశాయి, టెండర్లు పిలవకుండానే పెద్ద ఎత్తున కొనుగోళ్లు చేశాయి, ఏ ఆసుపత్రిలో ఏ రోగికి చోటుండాలో, ఏ రోగి వేచి ఉండాలో ఉత్తర్వుల ద్వారా నిర్ణయించాయి. వాటిలో చాలా భాగం ఆనాటి పరిస్థితికి అవసరమే అయి ఉండవచ్చు. అయితే ఆపద పేరుతో తీసుకున్న అధికారానికి, ఆపద గడిచాక సమాధానం చెప్పే బాధ్యత కూడా ఉంది. ఆ సమాధానం ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి, చెప్పిన తరువాత ఏం జరగాలి అన్నది ఈనాటి విషయం. నా అభిప్రాయం ముందే చెబుతాను. విచారణ సంఘాలూ నివేదికలూ కావలసిందే. కాని నివేదిక వెలువడిన ఐదేళ్లకో పదేళ్లకో అందులోని ఫలానా సిఫార్సు ఏమైందని అడిగే స్థిరమైన ఏర్పాటు లేని చోట, ప్రభుత్వం ఎవరికీ జవాబుదారీ కాదనే చెప్పాలి.

ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. కోవిడ్‌కు ముందు వచ్చిన రెండు అంటువ్యాధులను, వాటి తరువాత రెండు ప్రభుత్వాలు నడిచిన తీరును పక్కపక్కన పెట్టి చూడండి. 2003లో సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 44 మందిని బలి తీసుకుంది. సోకినవారిలో ఆసుపత్రి సిబ్బంది ఎందరో ఉన్నారు. న్యాయమూర్తి ఆర్చీ క్యాంప్‌బెల్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దీనిపై లోతుగా విచారించింది. వ్యాధి ఎలా వ్యాపిస్తుందో శాస్త్రపరంగా పూర్తిగా తేలేదాకా ఆగకుండా, సిబ్బందికి ముందుగానే రక్షణ కల్పించాలన్నది దాని ప్రధాన సూత్రం. ఒంటారియో ప్రభుత్వం సుమారు 5.5 కోట్ల ఎన్-95 మాస్కులు కొని నిల్వ చేసింది కూడా. మంచి పని. కాని వాటి గడువు తీరకముందే ఆసుపత్రుల వాడకంలోకి పంపి, ఆ స్థానంలో కొత్త సరుకు నింపే పని సాగలేదు. అత్యవసర నిల్వల్లో 80 శాతానికి పైగా గడువు దాటిపోయాయని 2017లో ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ నివేదిక బయటపెట్టింది. అంటే విచారణ జరిగింది, సిఫార్సు వచ్చింది, డబ్బు ఖర్చయింది, ఆడిట్ కూడా జరిగింది. ఇన్ని జరిగిన తరువాత కూడా 2020 నాటికి ఆ రాష్ట్రపు నర్సులు మాస్కుల కొరతను ఎదుర్కోవలసి వచ్చింది. ఆడిటర్ చెప్పిన మాటను గడువులోగా అమలు చేయించే బలం ఆ ఏర్పాటులో లేకపోవడమే ఇందుకు కారణమని నేను భావిస్తున్నాను.

దక్షిణ కొరియా కథ మరొక దారిన నడిచింది. 2015 మే 20న అక్కడ మెర్స్ అనే మరో శ్వాసకోశ వ్యాధి తొలి కేసు బయటపడింది. వ్యాధి ఏ ఆసుపత్రుల్లో పాకుతోందో ప్రభుత్వం జూన్ 7 దాకా పేర్లు చెప్పలేదు. జనం గందరగోళ పడతారని, ఆసుపత్రులు నష్టపోతాయని వెనుకాడింది. ఆ మౌనం వల్ల రోగులు తెలియక అవే ఆసుపత్రులకు వెళ్లారు. మొత్తం 186 మందికి సోకి, 38 మంది మరణించారు. కోవిడ్ సంఖ్యల ముందు ఇవి చిన్నవిగా కనిపిస్తాయి. కాని ఆ సమాజం వీటిని చిన్నవిగా తీసుకోలేదు. ప్రభుత్వ ఆడిట్ మండలి దర్యాప్తు జరిపి 2016 జనవరిలో ఫలితాలు ప్రకటించింది. అంటువ్యాధుల చట్టాన్ని సవరించారు. వ్యాధి ప్రబలినప్పుడు రోగులు తిరిగిన చోట్లనూ, చికిత్స జరుగుతున్న ఆసుపత్రుల పేర్లనూ ప్రజలకు చెప్పడం ప్రభుత్వ విధిగా మారింది. అత్యవసర వేళ పరీక్ష కిట్లకు త్వరగా అనుమతినిచ్చే పద్ధతి వచ్చింది. వ్యాధి నియంత్రణ సంస్థ అధిపతి హోదాను ఉపమంత్రి స్థాయికి పెంచారు. 2020 జనవరి 20న ఆ దేశంలో తొలి కోవిడ్ కేసు నమోదైతే, ఫిబ్రవరి 4 నాటికే తొలి పరీక్ష కిట్‌కు అనుమతి లభించింది. ఈ ఏర్పాట్లు నిర్దోషమైనవని నేను అనడం లేదు. రోగుల కదలికలను బయటపెట్టడం వారి వ్యక్తిగత గోప్యతను దెబ్బతీసిందన్న విమర్శ న్యాయమైనదే, ప్రభుత్వం తరువాత ఆ పద్ధతిని సవరించుకోవలసి వచ్చింది కూడా. నేను గుర్తించమంటున్నది ఒక్క సంగతి: ఆడిట్‌లో తేలిన లోపం చట్టంలోకి, హోదాల్లోకి, రోజువారీ పనిలోకి దిగింది. ఒంటారియోలో అది గోదాములో ఆగిపోయింది.

ఇక ప్రభుత్వం చెప్పవలసిన సమాధానాల్లో అన్నిటికంటే మొదటిది మృతుల సంఖ్య. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి. ఎందరు పోయారో ఒప్పుకోని ప్రభుత్వం, ఎందుకు పోయారన్న చర్చకు రాదు. 2021 మే 31న పెరూ ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. అప్పటిదాకా 69,342గా చూపిన కోవిడ్ మరణాలను 1,80,764గా సవరించింది. పరీక్షలో వ్యాధి నిర్ధారణ అయినవారిని మాత్రమే లెక్కపెట్టే పాత పద్ధతిని నిపుణుల బృందం పరిశీలించి, రోగ లక్షణాలు, ఎక్స్‌రేలు, మరణ ధ్రువపత్రాలు కూడా ఆధారంగా తీసుకోవాలని చెప్పింది. ఆ సవరణతో జనాభా నిష్పత్తిలో ప్రపంచంలోకెల్లా ఎక్కువ కోవిడ్ మరణాలు చూపిన దేశంగా పెరూ పేరు నిలిచింది. అధ్యక్ష ఎన్నికల తుది పోలింగ్‌కు అప్పటికి వారం రోజులు కూడా లేదు. తన దేశానికి అపకీర్తి తెచ్చే సంఖ్యను ఆ సమయంలో ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను.

చాలా ప్రభుత్వాలు ఆ పని చేయలేదు. 2020, 2021 సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 1 కోటీ 49 లక్షల అదనపు మరణాలు, అంటే మామూలు ఏడాదుల్లో ఉండే సంఖ్యను మించిన మరణాలు, సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో అంచనా వేసింది. ప్రభుత్వాలు అదే కాలానికి ప్రకటించిన కోవిడ్ మరణాలు సుమారు 54 లక్షలు. భారతదేశం విషయంలో ఆ అంచనా సుమారు 47 లక్షలు, ప్రభుత్వం ప్రకటించినవి దాదాపు 4.8 లక్షలు. అంచనా కట్టిన గణిత పద్ధతిని భారత ప్రభుత్వం తప్పుపట్టింది. ఒక పద్ధతిని ప్రశ్నించే హక్కు ఏ ప్రభుత్వానికైనా ఉంది. కాని ప్రశ్నించినవారు తమ వద్ద ఉన్న అసలు లెక్కను వెంటనే బయటపెట్టి చర్చను ముగించవలసింది. 2021 సంవత్సరపు జనన మరణాల నమోదు నివేదిక 2025 మేలో గాని వెలువడలేదు. దాని ప్రకారం దేశంలో 2019లో 76.4 లక్షల మరణాలు, 2020లో 81.2 లక్షలు, 2021లో 102.2 లక్షలు నమోదయ్యాయి. ఒక్క ఏడాదిలో 21 లక్షల పెరుగుదల అది. ఇందులో కొంత నమోదు మెరుగుపడటం వల్ల, జనాభా పెరగడం వల్ల వచ్చి ఉండవచ్చు కనుక ఈ తేడా మొత్తాన్ని కోవిడ్ ఖాతాలో వేయడం సరికాదు. కాని ఇంత ముఖ్యమైన సమాచారం నాలుగేళ్లు ఆలస్యంగా రావడం మాత్రం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. పైగా నమోదైన మరణాల్లో వైద్యుడు కారణాన్ని ధ్రువీకరించినవి నాలుగో వంతుకు కూడా చేరలేదు. మిగిలిన వారు ఏ జబ్బుతో పోయారో రాజ్యానికి తెలియదు. మహమ్మారి లేని సంవత్సరాల్లో కూడా ఇదే పరిస్థితి. కనుక దీనిని వైరస్ తెచ్చిన లోపమని అనలేము.

ఈ లోపం కుటుంబాల మీద ఎలా పడిందో చూడండి. విపత్తు నిర్వహణ చట్టం కింద కోవిడ్ మృతుల కుటుంబాలకు సహాయం అందించే మార్గదర్శకాలు రూపొందించాలని సుప్రీంకోర్టు 2021 జూన్ 30న ఆదేశించింది. ఆ తరువాత కుటుంబానికి 50,000 రూపాయల చొప్పున నిర్ణయమైంది. మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అన్న మాట లేదన్న ఒక్క కారణంతో ఎవరికీ సహాయం నిరాకరించరాదని అక్టోబర్ 4 నాటి ఉత్తర్వులో కోర్టు ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. మంచం దొరకక ఇంట్లోనే, పరీక్ష కూడా జరగకుండా కన్నుమూసినవారి కుటుంబం ఏ కాగితం చూపగలదు? పరీక్ష చేయవలసిన బాధ్యత ప్రభుత్వానిది, ఆ పరీక్ష జరగలేదన్న శిక్ష కుటుంబానిది అయింది. ఆ ఉత్తర్వు లేకపోతే ఎన్నో దరఖాస్తులు గుమాస్తా బల్ల దాటేవి కావు.

లెక్కను అడిగే పత్రంలో గడి లేకపోతే జవాబు కూడా ఉండదు. ఆక్సిజన్ కొరత వల్ల ప్రత్యేకంగా మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు నివేదించలేదని 2021 జూలై 20న కేంద్రం రాజ్యసభకు తెలిపింది. వినడానికి అది నిర్ఘాంతపరిచే జవాబు. కాని ఆ జవాబు ఎలా సాధ్యమైందో ఆలోచించాలి. ఆరోగ్యం రాష్ట్రాల విషయం, మరణాలను నివేదించేది రాష్ట్రాలు, రాష్ట్రాలు నింపి పంపే వివరాల్లో ఆక్సిజన్ అందకపోవడం ఒక కారణంగా రాయబడదు, వైద్యుడు రాసేది శ్వాసకోశ వైఫల్యమనో గుండె ఆగిపోవడమనో ఉంటుంది. ఇలా ప్రతి అంచెలోనూ ఒక్కొక్కరు తమకు తెలిసినంతే చెప్పి, చివరికి జరిగినది జరగలేదన్న వాక్యం పార్లమెంటు రికార్డులోకి చేరింది. అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు ఆక్సిజన్ కేటాయింపుల కోసం జాతీయ కార్యదళాన్ని నియమించవలసి వచ్చిందన్నది కూడా రికార్డులోనే ఉంది. ఈ రెండూ ఒకే దేశపు రికార్డులు.

రెండో సమాధానం నిర్ణయాలకు సంబంధించినది. 2019 అక్టోబర్‌లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీ 195 దేశాల సన్నద్ధతను కొలిచి అమెరికాను మొదటి స్థానంలో, బ్రిటన్‌ను రెండో స్థానంలో నిలిపింది. కొద్ది నెలల్లోనే ఆ రెండు దేశాల్లో జరిగింది లోకమంతా చూసింది. బ్రిటన్‌లో హెదర్ హాలెట్ అధ్యక్షతన చట్టబద్ధమైన విచారణ సంఘం ఏర్పడి, 2024 జూలైలో తొలి నివేదిక ఇచ్చింది. ఆ దేశం ఇన్‌ఫ్లుయెంజా కోసం సిద్ధమైందనీ, అంటే రాని మహమ్మారికి సిద్ధమై వచ్చిన దానికి సిద్ధం కాలేకపోయిందనీ అది తేల్చింది. అందులో నన్ను ఎక్కువగా ఆకర్షించిన విషయం వేరే ఉంది. సంబంధిత సంస్థలన్నీ సిఫార్సులపై ఆరు నెలల్లో తమ స్పందనను ప్రచురించాలని అధ్యక్షురాలు కోరారు. దేశమంతటా కనీసం మూడేళ్లకోసారి సన్నద్ధతా కసరత్తు జరగాలన్నారు. తేదీ ఉన్న సిఫార్సుకు ఉన్న బలం తేదీ లేనిదానికి ఉండదు. అదే విచారణలో మంత్రులు, సలహాదారులు పరస్పరం పంపుకున్న వాట్సాప్ సందేశాలను ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించి కోర్టుకు వెళ్లి, 2023 జూలైలో ఓడిపోయింది. లక్షల మంది జీవితాలను తాకే నిర్ణయం ఒక ఫోన్‌లో తీసుకుంటే, ఆ ఫోన్ కూడా ప్రభుత్వ దస్త్రమే అవుతుంది. ఈ సూత్రాన్ని ప్రతి దేశం తన రికార్డుల చట్టంలో చేర్చుకోవాలి.

స్వీడన్ మహమ్మారి మధ్యలోనే, 2020 జూన్ చివరన, విచారణ సంఘాన్ని వేసి డిసెంబర్‌లో తొలి నివేదిక తీసుకుంది. వృద్ధాశ్రమాల్లో జరిగిన మరణాలకు మూలం ఆ వ్యవస్థలో ఏనాటి నుంచో ఉన్న లోపాలేనని అది చెప్పింది. అవి తెలిసి కూడా సరిదిద్దని పాత ప్రభుత్వాలకూ, ప్రస్తుత ప్రభుత్వానికీ బాధ్యత ఉందని నిర్ద్వంద్వంగా రాసింది. ఈ మాట చాలా విలువైనది. మహమ్మారి వేళ గద్దె మీద ఎవరున్నారన్న దానికే చర్చ పరిమితమైతే, అంతకు ముందు పదేళ్లు నర్సుల ఖాళీలను నింపని వారు, ప్రయోగశాలలు పెట్టని వారు సురక్షితంగా తప్పుకుంటారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడ దారి అందరికీ తెలిసినదే. సియెరా లియోన్‌లో ఎబోలా ఇంకా ప్రబలి ఉండగానే ఆడిట్ సంస్థ 2014 మే నుంచి అక్టోబర్ దాకా జరిగిన ఖర్చును పరిశీలించి, సుమారు మూడో వంతుకు సరైన ఆధారాలు లేవని 2015 ఫిబ్రవరిలో ప్రకటించింది. దక్షిణాఫ్రికాలో ఆడిటర్ జనరల్ కోవిడ్ సహాయ నిధులను ఖర్చవుతున్నప్పుడే ఆడిట్ చేసి 2020 సెప్టెంబర్‌లో తొలి నివేదిక ఇచ్చారు. అత్యవసర వేళ ఆడిట్ పనికి అడ్డమన్న వాదనను ఈ రెండు దేశాలూ పటాపంచలు చేశాయి. కాని నిజం చెప్పినవారికి రక్షణ లేకపోతే ఇదంతా ఎంతకాలం నిలుస్తుంది? దక్షిణాఫ్రికాలోని గౌటెంగ్ రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఆర్థిక అధికారిణిగా ఉంటూ అక్రమ చెల్లింపులను ప్రశ్నించిన బబితా దేవ్‌కరన్‌ను 2021 ఆగస్టు 23న ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. వూహాన్‌లో తోటి వైద్యులను హెచ్చరించినందుకు పోలీసుల మందలింపు పొందిన డాక్టర్ లీ వెన్లియాంగ్ అదే వ్యాధితో 2020 ఫిబ్రవరి 7న మరణించారు. ఆ మందలింపును మార్చిలో, ఆయన పోయిన తరువాత, రద్దు చేశారు. ఆరోగ్య శాఖలో పనిచేసే ప్రతి ఉద్యోగీ పై అధికారికి చెప్పి, వినకపోతే బయటికి చెప్పగలిగే చట్టపరమైన రక్షణ ఉండాలి. అది లేని దేశానికి ముందస్తు హెచ్చరిక వ్యవస్థ ఉందని నేను నమ్మను.

కోవిడ్ వార్డుల వెలుపల జరిగిన నష్టానికి ఎవరూ సమాధానం చెప్పకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది. 2019లో ప్రపంచవ్యాప్తంగా 71 లక్షల మందికి కొత్తగా క్షయ నిర్ధారణ అయితే, 2020లో ఆ సంఖ్య 58 లక్షలకు పడిపోయింది. వ్యాధి తగ్గలేదు, కనుక్కునే పని తగ్గింది. ఆ ఏడాది క్షయ మరణాలు దశాబ్దంలో మొదటిసారి పెరిగాయి. 2021లో రెండున్నర కోట్ల మంది పసిపిల్లలు ధనుర్వాతం, కోరింత దగ్గు, కంఠసర్పి టీకాల పూర్తి మోతాదులకు నోచుకోలేదు. వీరి పేర్లు ఏ కోవిడ్ జాబితాలోనూ ఉండవు. తరువాత కోరింత దగ్గు, కంఠసర్పి వంటి వ్యాధులకు ఈ పిల్లలు గురయితే దాన్ని ఎవరూ మహమ్మారి విధానంతో ముడిపెట్టి చూడరు. విచారణ అనేది వీరిని కూడా వెతికి, ఏ సేవ ఎవరి ఆదేశంతో ఆగింది, ఎప్పుడు మళ్లీ మొదలైంది అని గ్రామ స్థాయి దాకా అడగాలి.

ఇదంతా ప్రభుత్వాల దయాదాక్షిణ్యాల విషయమా? కాదు. ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 12వ అధికరణం ఆరోగ్యాన్ని హక్కుగా గుర్తించింది, అంటువ్యాధుల నివారణను, చికిత్సను ప్రభుత్వాల విధిగా పేర్కొంది. 1996లో పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కార్మికుల సంఘం వేసిన కేసులో మన సుప్రీంకోర్టు ఇంకా సూటిగా మాట్లాడింది. రైలు నుంచి పడి తలకు గాయమైన ఒక కార్మికుడిని ఒకదాని తరువాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోలేదు. సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కుకు భంగమనీ, నిధులు లేవని చెప్పి ఈ బాధ్యత నుంచి రాజ్యం తప్పుకోలేదనీ కోర్టు తేల్చింది. ఆ తీర్పు మహమ్మారికి పాతికేళ్ల ముందే ఉంది. 2017 జాతీయ ఆరోగ్య విధానం ప్రభుత్వ వ్యయాన్ని 2025 నాటికి జాతీయోత్పత్తిలో 2.5 శాతానికి పెంచుతామంది. మహమ్మారి ఉధృతంగా ఉన్న 2021-22లో కూడా అది 1.84 శాతం దగ్గరే ఉంది. ఆఫ్రికా దేశాలు 2001లో అబూజాలో బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని మాట ఇచ్చాయి. వాటిలో అధిక శాతం ఆ మాట నిలబెట్టుకోలేదు. ప్రకటించిన లక్ష్యం తప్పినప్పుడు ఎందుకు తప్పిందో సభకు చెప్పే విధి ఏ చట్టంలోనూ లేకపోవడమే ఇక్కడి లోపం.

ఒక అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది, అది తోసిపుచ్చదగినది కాదు. అంతా జరిగిపోయాక వెనక్కు చూసి తప్పులు పట్టడం సులువని, ప్రతి నిర్ణయానికీ కోర్టుకు ఈడుస్తారన్న భయం ఉంటే రేపు ఏ అధికారీ త్వరగా నిర్ణయం తీసుకోడని అంటారు. అందుకే ఏ ప్రశ్న అడుగుతున్నామో స్పష్టంగా ఉండాలి. ఆ రోజు అందుబాటులో ఉన్న సమాచారంతో నిజాయితీగా చేసిన పొరపాటు వేరు, ఉన్న సమాచారాన్ని చూడకపోవడం లేదా దాచడం వేరు. 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇంగ్లండ్‌లో ఆసుపత్రుల రోగులను పరీక్షలు లేకుండా వృద్ధాశ్రమాలకు పంపిన విధానాన్ని అక్కడి హైకోర్టు 2022 ఏప్రిల్‌లో చట్టవిరుద్ధమంది. లక్షణాలు లేనివారి నుంచి కూడా వ్యాధి సోకే ప్రమాదం ఉందని తెలిసి దాన్ని పరిగణనలోకి తీసుకోలేదన్నది దానికి ఆధారం. మిగతా వాదనలను కోర్టు అంగీకరించలేదు. ఈ మెలకువ ఉన్న పరిశీలన నిజాయితీగల అధికారికి రక్షణే తప్ప ముప్పు కాదు. ఆరోజు ఏమి తెలుసో, ఎందుకు అలా నిర్ణయించామో రాసిపెట్టిన అధికారి భయపడవలసిన పనిలేదు.

2025 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సభ్యదేశాల సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ మహమ్మారి ఒప్పందాన్ని ఆమోదించింది. కాని ఏ దేశపు ప్రభుత్వాన్నీ లాక్‌డౌన్ విధించమని గాని, చట్టాలు మార్చమని గాని ఆదేశించే అధికారం అది ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇవ్వలేదు. కనుక ప్రశ్నించవలసినది చట్టసభలే. విచారణ సంఘాల, ఆడిట్ సంస్థల సిఫార్సులన్నింటికీ ఒక పట్టిక ఉండాలి. ప్రతి సిఫార్సు పక్కన బాధ్యత గల అధికారి హోదా, గడువు, కేటాయించిన నిధి, ఈనాటి స్థితి రాసి ఉండాలి. ప్రభుత్వం మారినా ఆ పట్టిక మారకూడదు, సిఫార్సును తిరస్కరిస్తే తిరస్కరణకు కారణం అందులోనే ఉండాలి. ఆరోగ్య శాఖ బడ్జెట్ పద్దులు ఆమోదానికి వచ్చినప్పుడల్లా ఆ పట్టికను సభ ముందుంచడం తప్పనిసరి చేస్తూ చట్టం రావాలి. అది లేకుండా పద్దులపై చర్చ మొదలుకాకూడదు. ప్రజా పద్దుల కమిటీకి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడిగా ఉండే ఆనవాయితీ ఎన్నో దేశాల్లో ఉంది కనుక పట్టిక పరిశీలనను ఆ కమిటీకి అప్పగించడం సమంజసం. పట్టికను నింపడానికి కావలసిన మరణాల నమోదును ఏడాది లోపు ప్రచురించే గడువు కూడా అదే చట్టంలో ఉండాలి.

సభకు ధన్యవాదాలు.